రెండు కిలోల ఏడువందలు

ఆమె పోయిన పదహారో దినం నాడు, ఆకులు వేసి వడ్డిస్తుండగా, ఆమె బావగారు అందరికీ వినబడేలా ఒక మాట అన్నారు.

"మా మరదలిది కైరాసి. అది ముట్టుకుంటే ఎండిన కొమ్మ గూడా చిగురేసేది. ఆ రాసి ఎప్పుడు పోయె తెలుసా? ఈ షెడ్డు లోపలికి చెప్పు వచ్చిన దినం పోయె. ముందు రాసి పోయె, ఎనకాల మనిషి పోయె."

కైరాసి అంటే హస్తవాసి. కోవిల్‌పట్టిలో మా ఇళ్లలో మాట్లాడుకునే తెలుగులో సగం తమిళమే కాబట్టి మేము అలాగే అంటాం.

ఆ పూట భోజనానికి కూర్చున్నవాళ్లు ముప్పై ఎనిమిది మంది. ఆ చెప్పు ఎవరిదో తెలిసినవాళ్లు ముగ్గురమే. ఆ ముగ్గురిలో ఒకాయన అప్పుడే బస్సు దిగి వచ్చి గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. కయత్తారు దగ్గర సేద్యం చేసే మనిషి. ఎడమ కాలికి తొడ దాకా ఇనుప పట్టీలు, కింద వాటికే బిగించిన బూటు. ఆయన ఆ మాట పూర్తిగా విన్నాడు. లోపలికి రాలేదు, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. ఇనుము చప్పుడు వీధి మలుపు దాకా వినబడింది.

నేను పదిమందిలో మాట్లాడే మనిషిని కాను. ఆ రోజు మాట్లాడాను.

"రాసి కాదు మామా. కొలత."

ఆయన నా వైపు తిరిగారు. "ఏ కొలత?"

"అన్నీ కొలతే. నేనే గదా రాసినాను. నోటు పుస్తకాలు నా దగ్గరే ఉండాయి."

"అట్లయితే నువ్వే చెయ్యి. నాలుగేండ్లు పక్కన కూచొని రాస్తివి గదా. ఆ కుంటాయన బండి షాకులు ఈ ఏడు నీ చేత్తో ఇప్పి బిగించు. ముందుమాదిరి పోతే కొలత. పోలేదంటే రాసి. తాళం నేనే తీస్తాను."

"ఐప్పసి విత్తనం లోపల చేస్తాను," అన్నాను. ఐప్పసి అంటే తమిళ లెక్కలో అక్టోబరు నడుమ మొదలయ్యే నెల, వానకు విత్తే కాలం.

రసం పోస్తున్న అమ్మాయి గరిటె ఆపి నన్ను చూసింది. నాకు యాభై మూడేళ్లు. అప్పటిదాకా ఊడిన సైకిలు చెయిను కూడా నేను ఎక్కించుకున్నవాణ్ని కాను.

ఆమె పేరు రాయను. ఎవరైనా పేరు అడిగితే "షాకక్క అని అడుగు, చూపిస్తారు" అనేది. బండ్లకు దెబ్బ తగలకుండా కాసే షాక్ అబ్జార్బర్లను విప్పి, లోపలి నూనె మార్చి, మళ్లీ బతికించడం ఆమె పని. మోపెడ్లతో మొదలుపెట్టి, చివరి ఏళ్లలో కుర్తాళం వైపు, కొండల వైపు రిసార్టుల్లో తిప్పే నాలుగు చక్రాల ఆట బండ్ల దాకా వచ్చింది. వాటి మీద లావు టైర్లు, బైకు హ్యాండిలు, గుర్రం జీను లాంటి సీటు. ముందు రెండు షాకులు, వెనక ఒకటి. పిల్లలు రాళ్ల మీద ఎగిరించి ఎగిరించి ఏడాదికే వాటి ప్రాణం తీస్తారు. కంపెనీవాళ్లు కొత్తవి వేసుకోమంటారు. ఈమె వేసుకోనిచ్చేది కాదు. "బండితో పుట్టింది బండితోనే పోవాల," అనేది.

నేను విరుదునగర్‌లో లారీలు తూచే వేబ్రిడ్జి దగ్గర పనిచేస్తాను. ఎనిమిదో తరగతి దాకా చదివాను. మిగిలిన లెక్కలు నేనే నేర్చుకున్నాను. తెలుగు అక్షరాలు కూడా ముప్పై దాటాక ఒక క్యాలెండరు ముందు పెట్టుకుని నేర్చుకున్నవే. అంకె కనబడితే చూడకుండా ఉండలేను. అది నా జబ్బు.

ఆరేళ్ల కిందట ఒక మధ్యాహ్నం లోడ్ ఆటోలో ఒక ఎర్ర ఆట బండిని ఎక్కించుకుని ఆమె బ్రిడ్జి దగ్గరికి వచ్చింది. నూలు చీర, మొగుడిది కాబోలు పెద్ద మగ కళ్లజోడు, మెడలో నల్లతాడు. ఆ తాటికి పిన్నీసుల గుత్తి. ఒక్కో చక్రం మీద ఎంత బరువుందో విడివిడిగా తూచాలని తమిళంలో అడిగింది. ఇది పది కిలోల లెక్కన చూపుతుంది, అంతకన్నా చిన్నది దీనికి తెలియదు అని నేనూ తమిళంలోనే చెప్పాను. ఆమె పక్కకు తిరిగి తెలుగులో గొణిగింది.

"పదికి తక్కువ తెలీని దానికి ఇంత పెద్ద పీట."

"పీట యేసింది లారీలకక్కా. మీ బొమ్మబండికి కాదు," అన్నాను, తెలుగులోనే.

ఆమె కొంచెం కూడా తొణకలేదు. "మనోళ్లా? మంచిదాయె. ఇంగ బయటికే తిట్టవచ్చు."

రోడ్డు అవతల మిరపకాయల మండీలో బస్తాల కాటాలున్నాయి. అవి వంద గ్రాముల దాకా చూపుతాయి. నాలుగు అడిగి తెచ్చి, నీళ్ల ట్యూబుతో మట్టం చూసి, నాలుగు చక్రాల కింద పెట్టాను. నాలుగు అంకెలు కూడితే నూట డెబ్బై ఒక కిలోల ఆరువందలు. బండిని బ్రిడ్జి ఎక్కిస్తే నూట డెబ్బై చూపింది.

"ఒక కిలో ఆరువందలు నీ పీట మింగేసె. ఎన్ని లారీల దగ్గర ఎంత మింగిందో," అంది ఆమె.

పద్నాలుగేళ్ల ఉద్యోగంలో నన్ను ఎవరూ అంత మాట అనలేదు. మరుసటి ఆదివారం బస్సెక్కి కోవిల్‌పట్టిలో ఆమె షెడ్డుకు వెళ్లాను. తర్వాత నాలుగేళ్లు దాదాపు ప్రతి ఆదివారం వెళ్లాను. ఆమె చెబుతుంది, నేను రాస్తాను.

అది నిజానికి మగ్గాల షెడ్డు. వాళ్లు అరుప్పుకోట్టై నుంచి వచ్చిన నేతవాళ్లు. ఆరు పవర్లూముల్లో నాలుగు అమ్మేయగా మిగిలిన చోట ఈమె బల్ల వేసుకుంది. రెండు మగ్గాలు బావగారు నడిపేవారు. మగ్గం ఉన్న చోటికి చెప్పులు తేకూడదు, అది ఆ ఇంట్లో అందరూ పాటించే పద్ధతి. రిసార్టు యజమానులైనా, నూనె డబ్బా తెచ్చేవాడైనా గుమ్మం బయట విడిచి రావలసిందే. ఆమె కూడా వట్టి కాళ్లతోనే పనిచేసేది. మొగుడు పోయాక, నలభై ఒకటో ఏట, ఆయన మోపెడ్ ఎందుకు మూలుగుతోందో చూద్దామని ఆయన పానాలతోనే మొదటి షాకు విప్పిందట. అప్పటిదాకా ఆమె చేసిన పని మగ్గాలకు కండెలు చుట్టడం.

లోపల మగ్గాలు రెండూ ఆడుతుంటే పక్క మనిషి మాట కూడా వినబడదు. షాకు బిగించాక లోపల గాలి బుడగ మిగిలిందో లేదో చెవితో తెలుసుకోవాలి, కడ్డీని నొక్కినప్పుడు సన్నగా గుటక వేసిన చప్పుడు వస్తుంది. ఆ మోతలో చెవి పనికిరాదు. అందుకని ఆమె గొట్టం చివర గడ్డం ఆనించి, కళ్లు మూసుకుని, కడ్డీని నెమ్మదిగా నొక్కేది. "చెవికి దాచేది దవడకు చెప్పేస్తుంది" అనేది. మగ్గాలు ఒక్క నిమిషం ఆపమని బావను అడగవచ్చు కదా అన్నాను ఒకసారి. "ఆయన వేల ఆయనది, నా వేల నాది" అంది. వేల అంటే పని. ఆయనా తనంతట తాను ఎప్పుడూ ఆపలేదు.

షాకు లోపల కాగితమంత పలుచని ఉక్కు బిళ్లలు దొంతరగా ఉంటాయి. నూనె వాటిని వంచుకుంటూ పోవాలి. ఏ బిళ్ల తర్వాత ఏ బిళ్ల అన్నదాని మీదే బండి మెత్తదనమంతా ఉంది. విప్పినవి విప్పిన వరుసలోనే ఒక పిన్నీసుకు గుచ్చి మెడలో తాటికి తగిలించుకునేది. అన్నం తిన్నా, కూరగాయలకు పోయినా ఎవరిదో ఒక బండి ప్రాణం ఆమె మెడలోనే వేలాడుతూ ఉండేది. అంతా అయ్యాక నట్టు మీదుగా గొట్టం మీదికి ఎర్ర గోళ్ల రంగుతో ఒక గీత గీసేది. నట్టు వెంట్రుకవాసి తిరిగినా గీత విరుగుతుంది.

కంపెనీ షాకుల మీద తెరవవద్దని పసుపు చీటీ ఒకటి అంటించి ఉంటుంది. ఆమె మొదట చేసే పని దాన్ని చిరగకుండా ఊడదీసి షెడ్డు తలుపు లోపలి వైపు అంటించడం. నేను చివరిసారి లెక్కపెట్టినప్పుడు నూట పద్దెనిమిది ఉన్నాయి.

"తెరవద్దు అని రాసినోడు ముందు తెరిచి చూసినోడే గదా తమ్ముడా," అనేది.

ఒకసారి ఒక సర్వీసు సెంటరు కుర్రవాడు ఫోనులో, అది విప్పేది కాదు మేడమ్, మార్చేది అని నచ్చజెబుతున్నాడు. ఈమె చాలాసేపు విని అడిగింది. "దాన్ని చేసింది మనిషా, దేవుడా? మీ పెద్దాయన్ని అడిగి చెప్పు. దేవుడైతే నేను విడిచిపెడతాను."

బండి తెచ్చినవాణ్ని బండి గురించి అడిగేది కాదు. "నీకు నొప్పి యాడ?" అనేది. మెడా, నడుమా, మణికట్టా? దాన్నిబట్టి ఏ షాకు తప్పు చేస్తోందో ఆమెకు సగం తెలిసిపోయేది. "స్ప్రింగు బరువును మోస్తుంది, నూనె వేగాన్ని మోస్తుంది. నీ నొప్పి బరువు నొప్పా, వేగం నొప్పా చెప్పు సామీ." పని అయ్యాక ఎవరైనా బాగుందక్కా అంటే ఒప్పుకునేది కాదు. "బాగుండాది అనేది అంకె కాదు. ఎంత బాగుండాది?"

అన్నింటికన్నా ఆమెకు పడని మాట కైరాసి. ఒక రిసార్టు యజమాని తాంబూలం, కొబ్బరికాయ పళ్లెంలో పెట్టి తెచ్చి, మీది కైరాసమ్మా అన్నాడు. ఆమె పళ్లెం తీసుకోలేదు. "కైరాసి అంటే నేను తెలీకుండా చేసినానని అర్థం. నేను తెలిసి చేసినాను. కొబ్బరికాయ మాత్రం పెట్టిపో, చట్నీకి ఆవుతుంది."

ఇక ఆ కయత్తారాయన సంగతి. రెండేళ్ల కిందట ఆవణి నెల, అంటే ఆగస్టు చివర.

ఆయనకు పదకొండు ఎకరాలు. మూడు చోట్ల ముక్కలుగా, గాలిమరల మధ్య, నల్లరేగడి. చిన్నప్పుడు వచ్చిన జ్వరంతో ఎడమ కాలు పోయింది. నడిచి మూడు చోట్లకూ తిరగలేడు కాబట్టి రిసార్టువాళ్లు వదిలించుకున్న ఆట బండి ఒకటి కొన్నాడు. తొమ్మిదేళ్లు దాని మీదే విత్తాడు, దాని మీదే కాపలా తిరిగాడు. తర్వాత ముందు వైపు షాకులు రెండూ చచ్చాయి. రేగడి ఎండితే నెర్రెలు ఇంతింత విచ్చుకుంటాయి. ప్రతి నెర్రె ఆయన వెన్నులో దిగింది. తిరునెల్వేలి డాక్టరు బండెక్కడం మానేయమన్నాడు. సర్వీసు సెంటరువాళ్లు షాకులు విప్పకూడదని, కొత్తవి పై దేశం నుంచి రావాలని, నాలుగు నెలలు పడుతుందని చెప్పారు. ఐప్పసి వానకు విత్తాలి, రెండు నెలలే ఉంది. ఆయన అన్న మాత్రం తేల్చేశాడు. నువ్వు తిరగలేవు, ముప్పై ఏళ్లకు సోలార్ పలకలవాళ్లకు ఇచ్చేద్దాం, సంతకం పెట్టు అని.

"నా పొలానికి నేను పోవాల అక్కా. అంతే," అన్నాడాయన ఈమెతో.

షాకులు విప్పితే నురగతో నల్లని నూనె వచ్చింది. లోపల ఒత్తిడికి ఉండవలసిన నైట్రోజన్ చుక్క లేదు. సీళ్లు గట్టిపడిపోయాయి. ఆమె కొత్త సీళ్లు వేసి, లేతు మీద తిప్పించిన చిన్న వాల్వు బిగించి, ఏసీలు బాగుచేసేవాళ్ల సిలిండరుతో గ్యాసు ఎక్కించింది. ఆ శనివారం నేను సెలవు పెట్టి వెళ్లాను. ఆయన కూర్చున్నప్పుడు బండి ఎంత దిగుతుందో చూసి స్ప్రింగు బిగించాలి. ఆయన షెడ్డు మెట్టు మీద కూర్చుని, బెల్టులు నాలుగూ విప్పి, బూటుతో సహా ఇనుము తీసి, మా చెప్పుల పక్కన పెట్టి, గోడ పట్టుకుని లోపలికి వచ్చాడు. మర్యాద తెలిసిన మనిషి అనుకున్నాం. అంతకు మించి ఎవరమూ ఏమీ అనుకోలేదు. కాటా మీద అరవై ఒక కిలోల నాలుగువందలు. సీటు మీదికి ఎక్కించాం. రెండు గంటలు సర్దితే దిగుడు ఎడమ అరవై మిల్లీమీటర్లు, కుడి అరవై. నాకు ఆ రెండు అంకెలు పక్కపక్కన చూసి పండగలా అనిపించింది.

తొమ్మిదో రోజున ఆయన గట్టు మీద పడ్డాడు. బండి ఎడమ వైపుకు లాగి పొర్లించింది. భుజం వాచింది. అన్న ఇక ఆగనన్నాడు. ఆవణి పోయి పురట్టాసి పుట్టగానే సంతకం.

ఆ వారం ఆయన అన్నతో కలిసి ఏదో పని మీద విరుదునగర్ వచ్చి, అన్న మండీలో ఉండగా ఒంటరిగా బ్రిడ్జి దగ్గరికి వచ్చాడు. కూర్చోమన్నాను. ఇనుముతో కూర్చుంటే లేవడం కష్టమని, మండీ నుంచి తెచ్చి గుమ్మంలో ఉంచిన బస్తాల కాటా మీదే నిలబడి మాట్లాడాడు.

"అక్కకు చెప్పండన్నా. ఆయమ్మ తప్పు లేదు. నా తలరాత ఇంతే."

నేను ఆయన ముఖం చూడవలసింది. అంకె చూశాను. అరవై నాలుగు కిలోల ఒక వంద.

దిగులుతో ఉన్న మనిషి పన్నెండు రోజుల్లో రెండు కిలోల ఏడువందలు పెరగడు. కాటా తప్పేమోనని, ఆయన వెళ్లాక ఇరవై కిలోల రాళ్లు మూడు పెట్టి చూశాను. సరిగ్గా అరవై. భోజనం మానేసి ఆలోచించాను. తేలలేదు. ఆమెకు ఫోను చేశాను.

"రెండు కిలోల ఏడువందలు ఎక్కువ చూపించెనక్కా. యాడ నుంచి వచ్చిందో తెలీలా."

అవతల మగ్గాల చప్పుడు. ఆ మోతలోనే అడిగింది. "కాలికి ఏమేసుకొని నిలబడె?"

"ఇనుము."

"మన దగ్గర?"

"గుమ్మం బయట విడిచె గదా."

ఫోను పెట్టేసింది. పావు గంట తర్వాత తనే చేసింది. "రెండు కిలోలు కాదు తమ్ముడా. అరవై నాలుగు కిలోలూ పక్కకు జరిగె. ఇనుము లేకపోతే ఆయన కుడి కాలి మీద కూచుంటాడు. ఇనుము ఉంటే ఎడమ కాలు గుంజ మాదిరి నిలబడుతుంది, దాని మీద కూచుంటాడు. మనం లేని మనిషికి బండి సర్దినాము. ఆయన్ని పడేసింది నేనే."

ఆదివారం ఆయన్ని పిలిపించింది. ఆయన మెట్టు మీద కూర్చుని బెల్టు మీద చెయ్యి వేయగానే గుమ్మంలో నిలబడి ఆపింది.

"ఇప్పొద్దు సామీ. చెప్పు విడవమన్నాము గాని కాలు విడవమనలా. అది నీ కాలు. కాలితో రా."

మగ్గాలు రెండూ ఆగాయి. నాలుగేళ్లలో ఆ షెడ్డులో అంత నిశ్శబ్దం నేను వినలేదు. బావగారు లేచి నిలబడ్డారు.

"అది బూటు."

"ఆమా, బూటే. కాలికి చివర బూటు ఉండాది. ఆయనకు దేవుడిచ్చింది ఒక కాలు, డాక్టరిచ్చింది ఒక కాలు. మగ్గానికి ఏది పనికిరాదో మగ్గాన్నే అడుగు బావా."

"మా నాయన ఉన్నప్పటి నుంచి ఈ లోపలికి తోలు వచ్చింది లేదు. ఈ పొద్దు వచ్చిందంటే రేపటి నుంచి తాళం నా దగ్గర ఉంటుంది. నీ బల్ల వీధిలో ఏసుకో."

"సరే. కొలత అయినాక తాళం ఏసుకో," అంది ఆమె. గొంతు పెంచలేదు. ఆయన్ని రెక్క పట్టుకుని లోపలికి తెచ్చింది. ఇనుము సిమెంటు నేల మీద ఆరు అడుగులు మోగింది. బావగారు బయటికి వెళ్లిపోయారు.

ఇనుముతో కూర్చోబెట్టి కొలిస్తే ఎడమ డెబ్బై ఒకటి, కుడి యాభై. ఇరవై ఒక్క మిల్లీమీటర్ల ఒరుగు. అదే ఆయన్ని పడేసింది. ఎడమ స్ప్రింగు బిగించింది, కుడిది వదులు చేసింది, ఎడమ షాకులో ఒక బిళ్ల మార్చింది. సాయంత్రానికి ఎడమ అరవై ఒకటి, కుడి అరవై. నేను హాయిగా ఊపిరి తీశాను. ఆమె తీయలేదు.

"పోయినసారి గూడా అంకెలు సరిగానే ఉండె గదా," అంది.

మర్నాడు ఆమె కయత్తారు పొలానికి వచ్చింది. నేనూ ఉన్నాను, ఆయన అన్న కూడా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె గట్టు మీద గొంతుకూర్చుని, ఆయన పడిన చోట నుంచే మూడుసార్లు పొమ్మంది. చక్రాల వైపు చూడలేదు. ఒక కన్ను మూసి ఆయన తల వైపు చూసింది. దూరంగా గాలిమరల వరుస ఉంది, వాటి స్తంభాలకు ఒకే ఎత్తులో ఎర్ర పట్టీలున్నాయి. తలను ఆ పట్టీల వరుసతో కలిపి చూస్తోంది.

"బండి ఎంతైనా ఎగరనీ. తల నేరుగా పోవాల. అదే వేల."

చక్రాలు నెర్రెల్లో పడి లేస్తున్నాయి, బండి ముందు భాగం దూకుతోంది, తల మాత్రం ఆ ఎర్ర గీత మీద దారం లాగినట్టు పోయింది. మూడోసారి ఆయన బండి ఆపకుండా రెండో ముక్క వైపు, అటునుంచి మూడో ముక్క వైపు వెళ్లిపోయాడు. అన్న చాలాసేపు చూసి, "ఈ ఏడు విత్తుకోనీ" అన్నాడు. ఆ ఏడు విత్తారు, మరుసటి ఏడూ విత్తారు. సోలార్ కాగితం అలాగే ఉంది, సంతకం లేకుండా.

మేము కోవిల్‌పట్టి తిరిగి వచ్చేసరికి షెడ్డుకు తాళం. ఆమె బల్ల, పానాల పెట్టె వీధిలో ఉన్నాయి. తీసి బయట పెట్టిన పద్ధతి చూస్తే ఒక్క వస్తువు కూడా విసరలేదు, అన్నీ వరుసగా పెట్టారు. ఆమె అక్కడే టార్పాలిన్ కట్టుకుంది. షాకుల పనికి దుమ్ము విషం. రోజుకు మూడుసార్లు వీధి తడిపేది, విప్పిన భాగాలకు తడిగుడ్డ గొడుగు పట్టేది. దాదాపు రెండేళ్లు అలాగే చేసింది. ఆయన్ని తాళం అడగలేదు. నేను అడుగుతానంటే, "నేను తప్పు చేసుంటే అడుగుతాను. చేయలా" అంది. ఈ ఏడు జూలైలో, ఆడి నెల పుట్టాక, జ్వరమని ఆసుపత్రికి వెళ్లింది, మూడో రోజున ప్రాణం లేకుండా తెచ్చారు. అరవై ఒకటి నిండలేదు. దాన్నే బావగారు రాసి పోవడం అన్నారు. కయత్తారాయన దాన్నే నమ్మి ఆకు ముందు కూర్చోకుండా వెళ్లాడు. తర్వాత ఫోను చేస్తే, "నా కాలే ఆయమ్మను తీసుకుపోయెనన్నా, ఇంగ బండి ఎక్కను" అన్నాడు. అందుకే నేను పానా పట్టవలసి వచ్చింది.

పురట్టాసి ఆదివారాలు నాలుగు. బావగారు మాట ప్రకారం తాళం తీశారు. తలుపు తెరిస్తే లోపలి వైపు పసుపు చీటీలు. మళ్లీ లెక్కపెట్టాను. నూట పద్దెనిమిదే. ముందు రెండు పనికిరాని షాకుల మీద చెయ్యి సాధన చేశాను. తర్వాత కయత్తారు బండి షాకులు. మొదటిసారి నూనె నా చొక్కా మీద పోయింది. బిళ్లలు వరుసగా పిన్నీసుకు గుచ్చాను, నాకు మెడతాడు లేదు కాబట్టి జేబుకు పెట్టుకున్నాను. నోటు ముందు పెట్టుకుని, ఆమె రాయించిన పాళ్లలో నూనె, ఆమె రాయించిన లోతులో లోపలి పిస్టను, ఆమె రాయించిన ఒత్తిడిలో గ్యాసు. బిగించి గడ్డం ఆనిస్తే గుటక. బుడగ ఉంది. మళ్లీ విప్పాను.

మూడో ఆదివారం నేను మళ్లీ గడ్డం ఆనించబోతుంటే చటుక్కున రెండు మగ్గాలూ ఆగాయి. బావగారు మీట మీద చెయ్యి పెట్టి నా వైపు చూస్తున్నారు, చెవితో వినమన్నట్టు.

"ఆపొద్దు మామా. నడపండి," అన్నాను. "ఆయక్క చేసినప్పుడు నడిచె గదా."

ఆయన మీట వేశారు. ఆ మోతలోనే దవడ ఆనించి నొక్కాను. బుడగ లేదు.

నట్లను ఆమె గీసిన ఎర్ర గీతల దగ్గరికే తెచ్చి బిగించాను. కయత్తారాయన్ని రప్పించడానికి మూడు ఫోన్లు పట్టింది. వచ్చి, చెప్పుల దగ్గర ఆగి, మళ్లీ బెల్టు మీద చెయ్యి వేశాడు. నేను నా చెప్పులు విడిచి, ఆయన రెక్క పట్టుకుని, ఇనుముతోనే లోపలికి తెచ్చాను. బావగారు కండె మార్చుకుంటున్నారు, తల ఎత్తలేదు. ఎడమ అరవై ఒకటి, కుడి అరవై. అయితే ఆ అంకెల మీద అతిగా సంతోషించకూడదని నాకు నేర్పింది ఆమే.

ఐప్పసి మొదటి వానకు నాలుగు రోజుల ముందు అందరం ఆ పొలానికి వెళ్లాం. బావగారు కూడా లోడ్ ఆటోలో ముందు కూర్చుని వచ్చారు. నేను ఆమె కూర్చున్న గట్టు మీదే గొంతుకూర్చున్నాను. ఒక కన్ను మూశాను. నేను జన్మలో అంకె లేకుండా దేన్నీ నమ్మలేదు. అక్కడ చూడటానికి ఒక తల, దూరంగా ఒక ఎర్ర పట్టీల వరుస, అంతే ఉన్నాయి.

ఆయన మూడుసార్లు పోయాడు. బండి నెర్రెల్లో పడింది, లేచింది, ఎగిరింది. తల మూడుసార్లూ ఆ గీత మీదే పోయింది. నాలుగోసారి ఎవరూ పొమ్మనలేదు. ఆయనే పోయాడు, రెండో ముక్క వైపు.

బావగారు పంచె దులుపుకుంటూ లేచారు. ఆ ధూళి అణిగేదాకా అటే చూశారు.

"నీకు గూడా కైరాసి ఉన్నట్టుండాది," అన్నారు.

"మా పెరట్లో నేను నాటిన మునగ కొమ్మలు ఏడు మామా," అన్నాను. "ఏడూ ఎండిపోయె. కావాలంటే మా ఇంట్లో అడగండి."